మన ఇల్లు – మన పిల్లలు: అర మాస్టారు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. గొలుగొండ వైపు పల్లెనుండి ఒక తల్లి రాశారు. కుమారుడు తొమ్మిదో తరగతి. మిగతా పాఠాలు ఎలాగో నెట్టుకొస్తున్నాడట గాని లెక్కలు మాత్రం బొత్తిగా రావు. మాస్టారు నలుగురిలో ఏదో అన్నారట, అప్పటినుంచి బడికి పోనని మొండికేస్తున్నాడు. "ప్రార్థన చేస్తున్నాము. మానిపించి ఏదైనా పనిలో పెట్టమంటారా అండీ?" అని అడిగారు.

అమ్మా, మానిపించకండి. మీ అబ్బాయి సంగతి రాసేముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఎందుకంటే, మీ అబ్బాయిని నలుగురిలో అన్న ఆ మాస్టారి స్థానంలో ఒకనాడు నేను నిలబడ్డాను.

1996 జూన్ నెల. బి.ఎస్సీ. లెక్కలతో ప్యాసై, బి.యిడి. సీటు రాక ఇంటిదగ్గర ఉన్నాను. నర్సీపట్నం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పదో తరగతికి 68 మంది పిల్లలు, ఒకే గది, ఒకే లెక్కల మాస్టారు. ఆయనొక్కరూ అంతమందిని చూడలేకపోతున్నారని పిల్లల తల్లిదండ్రులు తలా కొంత వేసుకుని, ఆయనకు సహాయంగా నన్ను కుదిర్చారు. (తరువాతి కాలంలో ప్రభుత్వమే విద్యా వాలంటీర్లు అనే పేరుతో నావంటి వారిని వేలమందిని పెట్టింది. అప్పటికి నాకు ఏ పేరూ లేదు.) నాకు పేరు పెట్టినవాళ్ళు పిల్లలే. పూర్తి మాస్టారిని కాను గదా, అందుకని "అర మాస్టారు" అన్నారు. మొదట్లో కోపం వచ్చేది. ఆ పేరు ఎంత సరైనదో తరువాత తెలిసింది.

నర్సీపట్నం ఎరుగనివారి కోసం రెండు మాటలు. అప్పట్లో మాది విశాఖపట్నం జిల్లా, 2022 నుండి అనకాపల్లి జిల్లా. చింతపల్లి, లంబసింగి కొండలకు పోవాలంటే ఇదే దారి. కొండమీద సరుకు కిందికి దిగేదీ, కింద సరుకు కొండెక్కేదీ మా ఊరిమీదుగానే. చింతపండు, పసుపు, అల్లం, అడ్డాకులు, కొండచీపుర్లు, కాలం వస్తే సీతాఫలాలు. సంతరోజున ఊరు ఊరంతా తక్కెడే. అటువంటి ఊరిలో పిల్లలకు లెక్కలు రావని మేము అనుకునేవాళ్ళం చూడండి!

మొదటి వారమే నేను ఒక తప్పు చేశాను. లెక్కల మాస్టారు బోర్డుమీద చెబుతుంటే నేను బెంచీల మధ్య తిరుగుతూ, ఆగిపోయిన పిల్లవాడి దగ్గర కూర్చుని, వాడి నోటుపుస్తకం తీసుకుని చకచకా లెక్క చేసి ఇచ్చేవాడిని. "అర్థమైందా?" అంటే "అయిందండి" అనేవారు. నాకెంతో సంతోషం. యూనిట్ పరీక్ష పెట్టాం. నేను ఎక్కువ సహాయం చేసిన పిల్లలకే తక్కువ మార్కులు వచ్చాయి. మాస్టారు ఆ సాయంత్రం పది నోటుపుస్తకాలు నా ముందర పరిచారు. "ఇందులో పిల్లల రాత ఎక్కడుందో చూపించు" అన్నారు. చూస్తే, పేజీల తరబడి నా చేతిరాతే. వాళ్ళు పెన్ను కూడా తెరవలేదు.

"రేపటినుంచి నీ పెన్ను జేబులో పెట్టు" అన్నారాయన. అంతే. తిట్టలేదు.

ఆయన మన సంఘస్థులు కారు. రోజూ నుదుట బొట్టుతో వచ్చే వెంకటేశ్వరస్వామి భక్తులు. అయినా సహాయకుడు ఎలా ఉండాలో నాకు నేర్పినవారు ఆయనే. "బోర్డు దగ్గర పని నాది. నీ పని చివరి బెంచీ దగ్గర. బోర్డుమీద లెక్క తెగకపోతే నాకు తెలుస్తుంది. వాళ్ళ పుస్తకంలో ఎక్కడ తెగిపోయిందో నాకు తెలియదు. అది చూసి నాకు చెప్పు" అనేవారు. ఆ మాట విన్నాను గాని ఒంటికి పట్టించుకోలేదు. ఇరవైరెండేళ్ళ వయసు. నాక్కూడా బోర్డు కావాలనిపించేది.

ఆగస్టులో ఒకరోజు ఆయన సెలవు పెట్టారు. బోర్డు నాకు దొరికింది.

ఆ రోజు పాఠం చెప్పబోయేముందు భిన్నాలు ఎంతవరకు వచ్చునో చూద్దామని 3/4 + 1/8 అని రాసి, చివరి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయిని లేపాను. పేరు రాయను. ఇప్పుడామెకు పెద్ద పిల్లలున్నారు. ఆమెది మన సంఘమే, నేను చెప్పే సండేస్కూలుకే వచ్చేది. తల్లిదండ్రులు పనికోసం వలస వెళ్ళి దూరాన ఉంటే, మామ్మ దగ్గర పెరుగుతున్నది. మామ్మకు సంతలో చింతపండు వ్యాపారం. అమ్మాయి సుద్దముక్క పట్టుకుని పై అంకెలు పైవాటితో, కింది అంకెలు కిందివాటితో కూడి 4/12 అని రాసింది.

పదో తరగతి పిల్ల ఐదో తరగతి లెక్క తప్పిందని నాకు చిరాకు వచ్చింది. నోరు జారాను. "సంతలో చింతపండు అమ్ముకోడానికి ఈ లెక్కలు అక్కర్లేదులే, పోయి కూర్చో" అన్నాను.

గది గదంతా నవ్వింది. నిజం చెప్పాలంటే, ఆ నవ్వు నాకు నచ్చింది. పిల్లలు నా మాటకు నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు హాజరు పట్టీలో 68 కి 67. ఆ మర్నాడూ అంతే. ఆదివారం సండేస్కూలుకూ రాలేదు. ఆ ఆదివారం నేను చెప్పవలసిన పాఠం ఏమిటో తెలుసా? నూరు గొర్రెలుగల కాపరి ఒక గొర్రె తప్పిపోతే తొంబదితొమ్మిదింటిని విడిచి వెదకబోయిన ఉపమానం. లూకా సువార్త 15 వ అధ్యాయం. చక్కగా చెప్పాను. చెబుతుండగా ఒక సంగతి తట్టింది. నూటిలో ఒకటి తగ్గిందని ఆ కాపరికి ఎలా తెలిసింది? లెక్కపెట్టాడు కాబట్టి. నేనూ లెక్కపెట్టాను. పట్టీలో గైరుహాజరు గుర్తు పెట్టి, పుస్తకం మూసేశాను.

తరువాత సంతరోజున మా అమ్మగారు చింతపండు తెమ్మన్నారు. ఆ అమ్మాయి మామ్మ దుకాణం తప్పించి వెళ్దామనుకున్నాను గాని, కాళ్ళు అక్కడే ఆగాయి. ఒక గోనెసంచీ పరుపు, దానిమీద చింతపండు గుట్ట, తక్కెడ. మామ్మ లేదు, ఆ అమ్మాయే కూర్చుని ఉంది. నన్ను చూడలేదు. ఎవరో పెద్దమనిషి బేరం చేస్తున్నాడు. కిలో 24 రూపాయలు. "ముప్పావు కిలో వెయ్యి" అన్నాడు. వేసింది. "ఇంకో అరపావు కూడా వెయ్యమ్మా" అన్నాడు. అరపావు అంటే 125 గ్రాములు. ఆమె 500, 200, 100, 50 గ్రాముల రాళ్ళు వరసగా పెట్టింది. మిగిలిన పాతిక గ్రాములకు రాయి లేదు, చేత్తో అంత గిల్లి వేసింది. ఇంకా కట్ట కడుతూనే "ఇరవై ఒక్క రూపాయి ఇయ్యండి" అంది. ఆయన యాభై నోటిచ్చాడు. "ఇరవై రెండు, ఇరవై అయిదు, ముప్పై, యాభై" అంటూ చిల్లర ఆయన చేతిలో పెట్టింది.

నేను మనసులో 24 ని 7/8 తో గుణిస్తున్నాను. నాది ఇంకా కాలేదు.

ఆమె ఎలా చేసిందో నాకు ఆలస్యంగా అర్థమైంది. ముప్పావు, అరపావు కలిస్తే కిలోకి అరపావు తక్కువ. కిలో 24 అయితే అరపావు 3. ఇరవైనాలుగులో మూడు పోతే ఇరవై ఒకటి. నేను బోర్డుమీద ఇచ్చిన లెక్క ఇదే! సరిగ్గా ఇదే, మూడు నాల్గులు, ఒక ఎనిమిదో వంతు. అక్కడ 4/12 రాసిన పిల్ల ఇక్కడ చేత్తో చింతపండు గిల్లుతూ చెప్పింది. పైగా, ఏ లెక్కలు అక్కర్లేదని నేను వెక్కిరించానో, ఆ లెక్కతోనే ఆ ఇల్లు గడుస్తున్నది.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. మామ్మ అరుగుమీద కూర్చుని గింజ తీస్తున్నది. మనిషి లేవలేదు, కూర్చోమనలేదు. కాసేపటికి తనే అంది: "అమ్ముకుంటే ఏటి బాబూ తప్పు? మా గుంట పస్తుండకుండా పెరిగింది గదా." నేనేమీ అనలేకపోయాను. "మొన్న ఆదివారం తప్పిపోయిన గొర్రె కత సెప్పేరంట, బావుంది. మరి మా గొర్రిని తోలీసింది ఎవరు బాబూ?"

ప్రసంగాలు చాలా విన్నాను. అంత సూటిగా తగిలినది ఇంకొకటి లేదు.

అప్పుడే తెలిసిన ఇంకో సంగతి. బడి ఎలాగూ మానేసింది గదా అని మేనమామకు ఇచ్చి ముడిపెట్టే మాటలు అప్పటికే నడుస్తున్నాయి. పదిహేనేళ్ళ పిల్ల. ఒక్క మాట నోరుజారితే అది ఎంత దూరం పోతుందో చూడండి. క్షమించమని మామ్మను అడిగాను. "నన్నెందుకు అడుగుతారు? నవ్వింది నాను కాదు" అంది.

సోమవారం నాడు మాస్టారితో జరిగినదంతా చెప్పి, తరగతి ముందర ఒక్క నిమిషం కావాలని అడిగాను. ఆయన ఏమీ అనకుండా బోర్డు దగ్గరనుంచి పక్కకు జరిగారు. ఎక్కడ నవ్వారో అక్కడే చెప్పాలనిపించింది. ఆ అమ్మాయి ఆ రోజు లేకపోయినా చెప్పాను. సంతలో నేను చూసిన లెక్క కూడా బోర్డుమీద రాసి చూపించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. కబురు ఆమెకు ఎవరు చేరవేశారో తెలియదు గాని నాలుగోరోజున వచ్చి తన బెంచీలో కూర్చుంది. నా వైపు చూడలేదు. నేను పెన్ను జేబులో పెట్టుకుని పక్కన కూర్చున్నాను.

ఇక్కడినుంచి కథ సాఫీగా నడిచిందని రాస్తే అది అబద్ధమవుతుంది. సంతలో వచ్చిన లెక్క కాగితంమీద కూడా వచ్చేస్తుందని నేను అనుకున్నాను. రాలేదు. "ముప్పావుకి అరపావు కలిపితే ఎంత?" అంటే "కిలోకి అరపావు తక్కువండి" అని ఠక్కున చెప్పేది. అదే 3/4 + 1/8 అని రాస్తే మళ్ళీ 4/12. "నువ్వు ఇప్పుడే చెప్పావు గదమ్మా" అంటే, "అది సంతండి, ఇది లెక్కండి" అనేది. ఆ పిల్లకు అవి రెండు వేరువేరు లోకాలు. మధ్యలో వంతెన లేదు.

ఇది మా నర్సీపట్నం వింత ఒక్కటే కాదు. బ్రెజిల్ దేశంలో రెసిఫే పట్టణపు వీధులలో కొబ్బరికాయలు వగైరా అమ్ముకునే పిల్లలను పరీక్షించి కొందరు పండితులు 1985లో ఒక వ్యాసం ప్రకటించారు. బేరంలో దాదాపు తప్పు లేకుండా చెప్పిన పిల్లలు, అవే లెక్కలు కాగితంమీద ఇస్తే మూడింట రెండు వంతులు తప్పారు. మన దేశంలోనే కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలతో చేసిన పరిశోధన ఒకటి 2025లో వెలువడింది. 2019లో నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో గార్లు అందులో ఉన్నారు. వాళ్ళు రెండోవైపు కూడా చూశారు. బజారు పిల్లలకు కాగితంమీద లెక్క రాలేదు, బడి పిల్లలకు బజారు లెక్క రాలేదు. ఫస్టున వచ్చే మన పిల్లవాడిని సంతకు పంపి చూడండి, మీకే తెలుస్తుంది.

అయితే వంతెన ఎలా కట్టాలి? పుస్తకంలో "క.సా.గు." అని ఉంది. కనిష్ఠ సామాన్య గుణిజం. పేరు వింటేనే పిల్ల కళ్ళు మూతపడేవి. నాకు దారి చూపించింది ఆ మామ్మే. సాయంత్రాలు వాళ్ళ అరుగుమీదే పాఠం పెట్టుకునేవాళ్ళం, గడపలో కూర్చుని ఆమె వినేది. ఒకరోజు నేను 3/4 కూ 1/8 కూ హారాలు సమానం చేయడం గురించి అవస్థపడుతుంటే విసుక్కుంది. "ఏటి బాబూ అంత తిప్పలు? ముప్పావలా, ఒక బేడా. పద్నాలుగణాలు!"

చిన్నవారికి తెలియదు గనుక చెబుతున్నాను. 1957 ఏప్రిల్ 1 న నయాపైసలు వచ్చేవరకు మన రూపాయికి 16 అణాలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. మన పెద్దలు పదహారో వంతును వీసం అన్నారు, అందులో సగం అరవీసం. అంటే మామ్మ ఏం చేసింది? ముప్పావును 12 అణాలుగా మార్చింది, అరపావును 2 అణాలుగా మార్చింది. రెండూ అణాలే అయ్యాయి గనుక కూడింది. క.సా.గు. అంటే ఇదే! వేరువేరు పేర్లున్న వంతులను ఒకే పేరులోకి మార్చుకోవడం. బడి గుమ్మం తొక్కని మామ్మకు ఇది తెలుసు, బి.ఎస్సీ. చదివిన నాకు దీన్ని ఇలా చెప్పడం తెలియలేదు.

ఆ రాత్రి మనవరాలు తనంతట తానే చెప్పింది. "పావులో రెండు అరపావులుంటాయి. ముప్పావులో ఆరు. ఇంకొకటి కలిస్తే ఏడు అరపావులు." "అరపావు అంటే ఎన్నో వంతు?" అన్నాను. "ఎనిమిదో వంతు." పెన్ను తీసుకుని 7/8 అని రాసింది. నా పెన్ను కాదు, తన పెన్నే. అప్పుడు పాత 4/12 చూపించాను. "ఇది మూడో వంతు. ముప్పావు దగ్గర ఇంకొంచెం వేస్తే మూడో వంతుకు పడిపోతుందా?" అన్నాను. ఒక్క క్షణం చూసి ఫక్కున నవ్వింది. తన తప్పుకు తానే నవ్వడానికీ, ఇతరులు నవ్వడానికీ ఎంత తేడా!

అప్పటినుంచి మాస్టారూ నేనూ తరగతిలో ఒక పద్ధతి పెట్టాం. లెక్క చేసేముందు జవాబు సుమారుగా ఎంత ఉండొచ్చో నోటితో చెప్పాలి. తప్పైనా ఫరవాలేదు. నేను చివరి బెంచీలో విన్నది మాస్టారికి చెప్పేవాడిని, ఆయన మర్నాడు బోర్డుమీద అక్కడినుంచే మొదలుపెట్టేవారు. నా పని నాకు దొరికింది.

ఇలా పక్కన కూర్చుని సహాయపడే పని కొత్తదేమీ కాదు. మన వీధిబడులలో పంతులుగారు ఒక్కరే ఉండేవారు. నేర్చిన పిల్లలు నేర్వని పిల్లలకు చెప్పేవారు. ఆండ్రూ బెల్ అనే దైవసేవకుడు 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి పెద్దగా వచ్చి, ఇక్కడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. తన ఉపాధ్యాయులు ఆ పద్ధతికి ఒప్పుకోకపోతే, ఒక చిన్న కుర్రవాడికే ఆ తరగతి అప్పగించాడు. దాని సంగతి 1797లో లండనులో పుస్తకంగా వేశాడు. ఆ పద్ధతి ఇంగ్లండు అంతటా పాకింది. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లా బడులను గురించి మద్రాసు ప్రభుత్వానికి రాస్తూ, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించడాన్ని మెచ్చుకున్నాడు. చెప్పేవాడికి కూడా చదువు గట్టిపడుతుందన్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం తగినదే అన్నాడు. మనదగ్గరినుంచి వెళ్ళిన పద్ధతి అది.

మన కాలంలో కూడా దాన్ని పరీక్షించి చూశారు. బొంబాయి, వడోదర మునిసిపల్ బడులలో ప్రథమ్ అనే సంస్థ "బాలసఖి" అనే పేరుతో ఆ పేటల యువతులనే పెట్టింది. 3, 4 తరగతులలో వెనుకబడిన పదిహేను ఇరవై మందిని రోజుకు రెండు గంటలు వేరుగా కూర్చోబెట్టి, కింది తరగతులలో జారిపోయినదే మళ్ళీ చెప్పడం వాళ్ళ పని. 2001 నుండి 2003 వరకు లెక్కగట్టి చూస్తే మార్కులు పెరిగాయి. అందరికంటె అడుగున ఉన్న పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. సహాయం ఆగిపోయిన తరువాత ఆ మేలు కొంత కరిగిపోయిందని కూడా వాళ్ళు దాచకుండా రాశారు.

సువార్తలో అయిదువేలమందికి ఆహారం పెట్టిన ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఇద్దరు శిష్యులు కనిపిస్తారు. ఫిలిప్పు లెక్క వేశాడు. రెండువందల దేనారముల రొట్టెలు కూడా చాలవని తేల్చాడు. లెక్క తప్పు కాదు. అంద్రెయ మాత్రం గుంపులో తిరిగి, ఒక చిన్నవాడి దగ్గర ఏముందో చూసివచ్చాడు. అవి ఎంతమాత్రమని అతనికీ అనుమానమే. అయినా చిన్నవాడిని యేసు ప్రభువు దగ్గరకు తెచ్చాడు. చివరి బెంచీ దగ్గర పనిచేసేవాడు అంద్రెయ వంటివాడై ఉండాలని నాకు తోస్తుంది.

ఇప్పుడు ఉత్తరం రాసిన తల్లికి. అమ్మా, మీ అబ్బాయికి తొమ్మిదో తరగతి లెక్క రాకపోవడం లేదు. నాలుగులోనో అయిదులోనో ఎక్కడో తాడు తెగింది. భాగహారంలోనో, భిన్నాలలోనో, ఎక్కాలలోనో. అక్కడిదాకా వెనక్కి వెళ్ళి చూడాలి. వాడు సిగ్గుపడతాడు, కాబట్టి నలుగురిలో కాదు. ఇంటిదగ్గర పొలం కొలతలో, ఎరువు బస్తాల లెక్కలో, పాల లెక్కలో వాడికి వచ్చినది ఏమిటో ముందు చూడండి. తప్పకుండా ఏదో ఒకటి వచ్చే ఉంటుంది. మీ సంఘంలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న యువకుడో, యువతో ఉంటే, మీ పాస్టరుగారి ద్వారా అడిగించండి. వారానికి మూడు సాయంత్రాలు, మందిరపు వరండా చాలు. ఆ వచ్చేవారికి నా మాటగా ఒక్కటి చెప్పండి, పెన్ను జేబులోనే ఉంచుకోమని. ఇక మాస్టారు అన్నమాట గురించి. మీరే వెళ్ళి, కోపంగా కాక, నెమ్మదిగా ఆయనకు చెప్పండి. తాను అన్నది ఎంత లోతుగా దిగిందో ఆయనకు తెలియకపోవచ్చు. ఆ మామ్మ అడిగి ఉండకపోతే నాకూ తెలిసేది కాదు.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. పెళ్ళి మాటలు వాయిదా పడ్డాయి. 1997 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసింది. అన్ని సబ్జెక్టులూ ప్యాసైంది, లెక్కలు తప్ప. నాకు మొహం చెల్లలేదు. ఆమె మాత్రం "ఇంకోసారి కడతానండి" అని సప్లిమెంటరీకి కట్టింది. ఆ వేసవి అంతా అరుగుమీదే కూర్చున్నాం. ఒకవైపు కొత్త చింతపండు గింజ తీయడం, మరోవైపు సమితులు, శ్రేఢులు, మాత్రికలు. మాత్రికలు ఆమెకు బాగా నచ్చేవి, గళ్ళు గళ్ళుగా ఉంటాయి గనుక.

ఫలితాలు వచ్చిన రోజు నేనే పేపరు పట్టుకుని పరిగెత్తాను. తరువాత బడికి మార్కుల జాబితా వస్తే మళ్ళీ వెళ్ళాను. లెక్కలలో నూటికి 37. ప్యాసుకు 35 చాలు. అమ్మాయి నవ్వుతూ ఏడుస్తున్నది. మామ్మ తక్కెడ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఆ కాగితం తీసుకుని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"నూటికి ముప్పై ఏడా? మరి మిగతా అరవై మూడూ ఎవరికిచ్చీసేరు బాబూ?"